పంట కావలికి తుపాకి: కొనేముందు చూడవలసినవి

జహీరాబాద్ చుట్టుపట్ల చెరకు, అల్లం, ఆలుగడ్డ, మక్కజొన్న వేసిన రైతుకు కంటినిండా నిద్ర కరువైంది. అడవి పందుల గుంపు ఒక్క రాత్రి చేనులో పడితే తెల్లారేసరికి మిగిలేది తవ్విపోసిన మట్టే. పంది తినేది కొంత, తొక్కి పాడుచేసేది అంతకు ఎక్కువ. కోహీర్ ఎర్ర నేలల్లోనూ, న్యాల్‌కల్ నల్ల రేగళ్లలోనూ ఇదే గోడు. మంచె మీద డబ్బా కొట్టి, టపాకాయలు కాల్చి, గట్ల వెంట పాత చీరలు కట్టి విసిగిపోయిన రైతులు ఇప్పుడు తుపాకి మాట ఎత్తుతున్నారు. భర్మార్ ఒకటి కొంటే ఎట్లా ఉంటుంది, ఏ రకం మంచిది, ఎక్కడ దొరుకుతుంది అని అడిగేవారు ఎక్కువయ్యారు. అడగడంలో తప్పు లేదు. అయితే దానికి జవాబు తుపాకుల దుకాణంలో మొదలు కాదు. సంగారెడ్డి కలెక్టరు కార్యాలయంలో మొదలవుతుంది.

భర్మార్ అంటే గొట్టం మూతి నుంచి మందు పోసి, పైన గుండో రవ్వలో వేసి, కడ్డీతో దట్టించి కాల్చే తుపాకి. బీదర్ కోట బురుజుల మీది ఫిరంగులను చూసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. తూటాల తుపాకి వచ్చి నూరేళ్లు దాటినా మన పల్లెల్లో ఈ పాతరకం పేరు మాసిపోలేదు. దానికి కారణం ఒక్క అలవాటే కాదు, చట్టం కూడా. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో ఈ తుపాకి ప్రస్తావన విడిగా ఉంది. నిజంగా పంట రక్షణ కోసమే అయితే భర్మార్ తుపాకికి లైసెన్సు ఇవ్వాలని, అది చాలదని అధికారికి తోస్తే గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నగొట్టం తుపాకికైనా ఇవ్వవచ్చని అందులో రాసి ఉంది. పార్లమెంటు రైతును దృష్టిలో పెట్టుకుని రాసిన వాక్యమిది. మన రైతుల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు?

దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండి ఉండాలి. దగ్గరి పోలీసు స్టేషన్ అధికారి నుంచి నివేదిక రావాలి. జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు నిర్ణయం తీసుకుంటారు. 2016 ఆయుధాల నియమాల ప్రకారం తుపాకి వాడకంలో శిక్షణ పొందినట్లు కాగితం, ఆరోగ్యం బాగున్నట్లు డాక్టరు పత్రం కూడా చూపాలి. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. మంజీరా అభయారణ్యం దిక్కున ఉన్న ఊళ్లవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారి ముందస్తు సమ్మతి ఉండాలి. కలెక్టరు ఒక్కరు ఒప్పుకుంటే చాలదు.

సరే, ఇవన్నీ దాటి లైసెన్సు చేతికి వచ్చిందనుకుందాం. పందిని కాల్చవచ్చునా? కాల్చరాదు. ఇక్కడే రైతు మోసపోతున్నాడు. తుపాకి ఉంచుకోవడానికి ఇచ్చిన కాగితం జంతువును చంపడానికి ఇచ్చిన కాగితం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో వేట లైసెన్సుల కాలం పూర్తిగా ముగిసింది. సరదాకు వేటాడే హక్కు ఈ దేశంలో ఎవరికీ లేదు. పంటలు పాడుచేసే పంది సంగతి వేరు. చట్టం 11వ సెక్షన్ కింద ముఖ్య వన్యప్రాణి అధికారి గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా, కారణాలు చూపి అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి మీద చచ్చిన పంది కూడా సర్కారు సొత్తే. కూర వండుకుంటే కేసు. 2022 సవరణ తరువాత అడవి పంది, మనుబోతు రెండో షెడ్యూలులో ఉన్నాయి. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది, దాని జోలికి పోతే శిక్ష మరీ కఠినం. చీకట్లో చెరకు తోటలో కదిలింది పందో జింకో తెలియక ముందే గుర్రం లాగేవాడి చేతికి తుపాకి ఇవ్వకపోవడమే మేలు. పందికంటె ముందు నీళ్లు పెట్టడానికి పోయిన మనిషి ఉండవచ్చు కదా.

అంటే తుపాకి ఒక కచేరీ ఇస్తుంది, పందిని మరో కచేరీ ఇస్తుంది. రెండు కచేరీలకు మధ్య మాట మంతీ లేదు. రైతు మాత్రం చెప్పులరిగేలా తిరుగుతాడు. ఈలోగా పంట పోతుంది.

ఇక అసలు ప్రశ్న, ఏ తుపాకి కొనాలి అన్నది. మన పల్లెల్లో పొడుగు తుపాకి దేన్నయినా రైఫిల్ అనే అలవాటు ఉంది. అది సరి కాదు. గొట్టం లోపల మెలితిరిగిన చాళ్లు ఉంటేనే రైఫిల్. ఆ చాళ్లు గుండును తిప్పి దూరం, సూటి పెంచుతాయి. అమెరికాలో భర్మార్ రైఫిళ్లతో వేటాడేందుకు పెక్కు రాష్ట్రాలు వేరే సీజను కేటాయిస్తాయి. అక్కడివారికి అది వినోదం, ఆ పుస్తకాల్లోని సలహా మన చేనుకు పనికిరాదు. మనకు కావలసింది దూరం కాదు. నాలుగు ఎకరాల కమతం చుట్టూ మనుషులు, పశువులు, పక్క రైతు బోరు షెడ్డు ఉన్నచోట దూరం పోయే గుండు ప్రమాదమే. నున్నగొట్టం భర్మార్‌కు గుండు వేసినా సూటి నమ్మదగింది ఒక యాభై గజాల లోపే. కావలికి అది చాలు. చట్టం రైతుకు చూపిన దారి కూడా నున్నగొట్టమే. కాబట్టి మొదటిసారి కొనేవారు చాళ్ల గొట్టం కోసం వెంపర్లాడవద్దు.

రెండో మాట, చెకుముకి రాయితో నిప్పు పుట్టించే రకం కంటె టోపీ పెట్టి కాల్చే రకం మేలు. చెకుముకి రకంలో మందు బయట పళ్లెంలో ఉంటుంది. మన వానాకాలపు తేమకు అది నానిపోతుంది. టోపీ రకంలో నిప్పు చిన్న రంధ్రం గుండా నేరుగా లోపలికి పోతుంది. ఆ రంధ్రం పూడిపోకుండా చూసుకుంటే మొరాయించడం తక్కువ. బరువు, పొడవు మీ భుజానికి సరిపోవాలి. దుకాణంలో పది నిమిషాలు భుజానికి పెట్టి నిలబడి చూడండి, చేతులు వణికితే అది మీ తుపాకి కాదు. సుత్తిని సగం ఎత్తి నిలిపినప్పుడు గట్టిగా నిలవాలి, జారిపడితే వెంటనే తిప్పి ఇచ్చేయాలి. గొట్టం మీద పరీక్ష ముద్ర, నంబరు లేనిది ముట్టుకోవద్దు. లైసెన్సు తుపాకుల తయారీకి బీహార్‌లోని ముంగేర్ పేరున్న ఊరు. దొంగచాటు తుపాకులకు కూడా అదే ఊరి పేరు చెప్పుకుంటారు. కాబట్టి ఊరి పేరు చూసి కాదు, లైసెన్సు ఉన్న డీలరు ఇచ్చే రసీదు చూసి కొనాలి.

పాత తుపాకి కొనేవారు ముందుగా చూడవలసింది అందులో మందు నిండి ఉందా లేదా అని. మూతిలో కన్ను పెట్టి చూడడం చావును కొనితెచ్చుకోవడమే. కడ్డీని లోపలికి వదిలి, అది ఆగినచోటికి గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పొడవుతో పోల్చి చూడాలి. కడ్డీ ముందే ఆగిపోతే లోపల ఏదో ఉన్నట్లు. తాతలనాటి తుపాకి అటక మీద ఉన్న ఇళ్లు మన పల్లెల్లో లేకపోలేదు. లైసెన్సు తాత పేరున ఉండి ఆయన కాలం చేస్తే ఆ తుపాకిని ఆలస్యం లేకుండా పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు డీలరు దగ్గర గాని జమ చేసి వారసుడి పేరున దరఖాస్తు పెట్టుకోవాలి. మా తాతదే కదా అంటే చట్టం వినదు. లైసెన్సు లేని తుపాకి ఉంచుకుంటే 2019 సవరణ ప్రకారం రెండేళ్లకు తగ్గని, అయిదేళ్ల దాకా జైలు. తయారు చేసినా అమ్మినా ఏడేళ్లకు తగ్గని శిక్ష, యావజ్జీవం దాకా.

మందు విషయంలో జాగ్రత్త మరీ ముఖ్యం. ఈ తుపాకులు పాతరకం మందుకు చేసినవి. తూటాలు విప్పి తీసిన పొగరాని మందు వేస్తే గొట్టం పగిలి పేల్చినవాడి ముఖమే పోతుంది. మందు కొలతతో పోయాలి గాని సీసాతో వంపరాదు. గుండు మందుకు ఆనుకుని కూర్చోవాలి, మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బుతుంది. టోపీ పేలి తుపాకి పేలకపోతే మూతి నేల వైపో మట్టి గట్టు వైపో పెట్టి ఒక నిమిషమైనా ఆగాలి. కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే కొన్నాళ్లకే లోపల తుప్పు గుంటలు పడతాయి. ఇంత ఓపిక లేనివారు టపాకాయలతోనే సరిపెట్టుకోవడం మంచిది.

నిజానికి కావలికి గుండే అవసరం లేదు. ఒట్టి మందు దట్టించి పేల్చినా ఆ చప్పుడుకు గుంపు చెదురుతుంది, జంతువు చావదు. పందులు నాలుగు రోజుల్లో చప్పుడుకు అలవాటు పడతాయని రైతులు అనే మాటలో నిజం ఉంది. అందుకే ఒక చేనులో ఒక్కరే పేలిస్తే పంది పక్క చేనుకు పోతుంది. నలుగురు రైతులు వంతులవారీగా కావలి కాసిన చోట ఫలితం ఎక్కువ. లైసెన్సు లేనివాడి చేతికి మాత్రం తుపాకి మారరాదు.

తుపాకి దొరకనివారు పట్టే దారులు ఇంకా భయంకరంగా ఉన్నాయి. చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెడుతున్నారు. పందికి పెట్టిన తీగ తగిలి తోటి రైతులు, పశువులు చచ్చిన వార్తలు ఏటా ఏదో ఒక జిల్లా నుంచి వస్తూనే ఉన్నాయి. పిండిలో నాటు బాంబు పెడితే అది కొరికిన ఆవు దవడ పగులుతుంది. ఇది హత్యతో సమానం, దీన్ని సమర్థించేవారు ఎవరైనా ఒకసారి ఆ ఇంటి ముందు నిలబడి మాట్లాడాలి.

పక్క కర్ణాటకలోని కొడగువారికి ఆయుధాల లైసెన్సు నుంచి బ్రిటిషు కాలం నుంచి మినహాయింపు ఉంది, 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. అంతటి మినహాయింపు మన రైతు అడగడం లేదు. కేరళ 2022లో పంటలు పాడుచేసే పందుల విషయంలో అనుమతి ఇచ్చే అధికారం స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. విషం, పేలుడు పదార్థాలు, కరెంటు తీగ వాడరాదని షరతు పెట్టింది. మన దగ్గర కాగితం మీద ఏ ఏర్పాటు ఉన్నా అది రైతు గడప దాకా వస్తేనే ఉన్నట్లు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో జమ చేయమంటారు. శాంతిభద్రతల కోసం అది అవసరమే. కాని మక్క కంకి పాలుపోసుకునే రోజుల్లో ఎన్నికలు వస్తే పంట కావలికి తుపాకి ఇచ్చీ ప్రయోజనం లేదు. నేరచరిత్ర లేని చిన్న రైతుల విషయంలో ఒక్కొక్క దరఖాస్తునూ పరిశీలించి సడలింపు ఇచ్చే వీలును జిల్లా అధికారులు వాడుకోవాలి.

జహీరాబాద్ రెవెన్యూ డివిజన్ కార్యాలయంలో నెలకు ఒక రోజు రెవెన్యూ, పోలీసు, అటవీ శాఖల అధికారులు ఒకేచోట కూర్చుని ఈ దరఖాస్తులు తీసుకోవాలి. తుపాకి లైసెన్సు, పంది విషయంలో అనుమతి, పంట నష్టం అంచనా ఒకే రోజు ఒకే బల్ల మీద తేలాలి. ఇవ్వకూడదనుకుంటే కారణం రాసి ఇవ్వాలి, రైతు అప్పీలు చేసుకుంటాడు. కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్, మొగుడంపల్లి రైతులు ఆలుగడ్డ నాటే లోగా మొదటి బైఠక్ జరగాలి. ఆ తేదీని ప్రతి గ్రామ పంచాయతీలో దండోరా వేయించాలి.