టమాటా రేటుతో ఏడాదిని తూచొద్దు

ఏడాది ఎలా గడిచిందని నిమ్మనపల్లె వైపు టమాటా రైతును అడిగితే జవాబు ఒక్క అంకెలో వచ్చేస్తుంది. మదనపల్లె యార్డులో కాయ ఎంతకు పోయిందన్నదే ఆ అంకె. రేటు పలికితే బాగా ఆలోచించి వేసిన పంట, పడిపోతే బుద్ధి గడ్డి తిని వేసిన పంట. ఈ లెక్క తప్పంటాను. 2023 జులై ఆఖరులో అదే యార్డులో మొదటి రకం కాయ కిలో రూ.200కు చేరువైంది. సెప్టెంబరులో పది, పదిహేను రూపాయల దరిదాపులకు దిగిపోయింది. రెండు నెలల్లో రైతుల పనితనం పదో వంతుకు పడిపోలేదు కదా! అదే మల్చింగ్ షీటు, అదే డ్రిప్పు, అవే కట్టెలు, అవే మందులు. ముందు నాటినాయన ఊళ్లో మొనగాడయ్యాడు, నెల ఆలస్యంగా నాటినాయన వెర్రివాడయ్యాడు. 2021 నవంబరులోనూ ఇంతే. కుండపోత వానలకు తోటలు పోయాయి, మిగిలిన కాయ కిలో వంద దాటింది. ఆ రేటును తెచ్చింది నిలబడిన తోట యజమాని తెలివి కాదు, కుళ్లిపోయిన పక్క తోటలు.

నష్టం వచ్చిన ఏడాది కంటే లాభం వచ్చిన ఏడాదే మనకు ఎక్కువ చెడ్డ పాఠం నేర్పుతుంది. పోయినేడు రేటు చూసి ఈసారి రెండెకరాలు అదనంగా వేసినాయనకు అదృష్టం కలిసొస్తే, ‘రేటు చూసి వేయడమే సూత్రం’ అని స్థిరపడిపోతాడు. కానీ ఆ రేటును అందరూ చూస్తారు, అందరూ నాటుతారు, కాయంతా ఒకేసారి యార్డుకు దిగుతుంది, రేటు కూలుతుంది. మరుసటేడు భయపడి మానేస్తారు, మళ్లీ కొరత. అర్థశాస్త్రంలో దీన్ని సాలెగూడుతో పోలుస్తారు. ఇందులోంచి బయటపడాలంటే ఫలితాన్ని కాక, నిర్ణయాన్ని సమీక్షించుకోవాలి. రేటు తెలిశాక ‘నేను ముందే అనుకున్నా’ అననివాడు ఉండడు. జ్ఞాపకం మనకు అనుకూలంగా సాక్ష్యం చెబుతుంది. అందుకే నాటే రోజునే కాగితం మీద పెట్టాలి: ఎన్ని ఎకరాలు, ఎవరి మాట విని, ఎంత వడ్డీకి తెచ్చిన డబ్బుతో, బోరు ఎన్నాళ్లు పోస్తుందన్న నమ్మకంతో, రేటు పడితే ఎంతవరకు తట్టుకోగలనన్న అంచనాతో.

మనకు లెక్కల సంప్రదాయం లేక కాదు. ఉగాదినాడు గుళ్లో కూర్చుని రాశివారీగా ఆదాయం 8, వ్యయం 14 అని శ్రద్ధగా వింటాం. నిరుటి పంచాంగం తీసి, చెప్పింది ఎంత జరిగిందని చూసే ఇల్లు మాత్రం నాకు తెలిసి లేదు. (పంచాంగకర్తలకు అదొక అదృష్టం.) జనవరి ఒకటిన పెట్టుకునే లక్ష్యాలదీ అదే తీరు. అసలు డిసెంబరు 31కి టమాటా రైతు ఖాతా ముగియదు. ఆఖరి కోత అయి, కట్టెలు పీకి కట్ట కట్టిన రోజే ఆయనకు ఏడాది చివర. లెక్క చూసుకోవాల్సిందీ ఆ రోజే. ఫలితాన్ని కాక నిర్ణయాన్ని తూచాలన్న మాట, పరీక్ష ర్యాంకును, బెంగళూరు ఉద్యోగాన్ని లక్ష్యంగా పెట్టుకున్న పిల్లలకూ వర్తిస్తుంది. ర్యాంకులో పక్కవాళ్ల మార్కులూ కలిసి ఉంటాయి.

అప్పిచ్చినవాడు కారణాలు అడగడు, కిస్తీ అడుగుతాడు కదా అనొచ్చు. నిజమే. డబ్బు పద్దు రాయొద్దని ఎవరూ అనడం లేదు. అది ఎంత మిగిలిందో చెబుతుంది, ఎందుకు మిగిలిందో చెప్పదు. ఆ రెండో పని వేరే పేజీది. ఇలాగైతే ప్రతి తప్పునూ అదృష్టం మీదికి నెట్టేయొచ్చన్నది ఇంకో అభ్యంతరం. జరిగేది దీనికి తలకిందులు. ‘పక్కాయన వేశాడని వేశాను’ అని తన చేత్తోనే రాసుకున్న మనిషి, లక్షలు వచ్చిన ఏడాది కూడా అది పొరపాటని ఒప్పుకోక తప్పదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఈ గడ్డ మీద పుట్టిన మనిషిదే. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థనే 1929లో రద్దు చేశారు. ఉన్నదాన్ని వదిలి, ఉండాల్సినదాని వెంట పరుగెత్తడమే మనసులోని ఘర్షణకు మూలమని జీవితాంతం చెప్పారు. అలా చూస్తే లక్ష్యాలూ సమీక్షలూ ఆ పరుగులో భాగమే. మనసు వరకు ఆయన మాటను కాదనలేను. కానీ పొలంలో ఏదో ఒకటి నాటక తప్పదు. ఎందుకు నాటామో దాచకుండా రాసుకోవడం, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడటానికి దగ్గరి పనే.

సంక్రాంతి దాటితే వేసవి పంట నారు కోసం నర్సరీల దగ్గర సందడి మొదలవుతుంది. అడ్వాన్సు చేతిలో పెట్టే ముందు, ఆ రసీదు వెనకే నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. కట్టెలు పీకిన రోజు తీసి చదువుకోండి.