తలదెబ్బకు లెక్క రాయాలి

నందపూర్, పొట్టంగి, సెమిలిగూడ, రాయగడ ఊళ్ల తల్లిదండ్రులకు విజ్ఞప్తి



మన పిల్లలు రగ్బీ ఆడుతున్నారంటే సంతోషమే. 2007లో భువనేశ్వర్ కిస్ పాఠశాల గిరిజన కుర్రాళ్లు లండన్ వెళ్లి 14 ఏళ్లలోపు పోటీ గెలిచి వచ్చారు. వాళ్ల మీద ‘జంగిల్ క్రై’ సినిమా కూడా వచ్చింది. ఒడిశా ఆడపిల్లలు భారత జట్టుకు ఆడుతున్నారు. ఆట మాన్పించమని ఈ కరపత్రం వేయలేదు.

అదే 2007లో న్యూజిలాండ్ ఆటగాడు కార్ల్ హేమన్ ప్రపంచ కప్ ఆడి, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ క్లబ్బులో చేరాడు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన రగ్బీ ఆటగాడని పత్రికలు రాశాయి. అతను ప్రాప్. స్క్రమ్ ముందు వరుసలో ఒంగి, వెనక నుంచి తనవాళ్లు, ఎదుటి నుంచి అవతలివాళ్లు నెట్టే బరువంతా మెడ మీద కాచేవాడన్నమాట. దేశం తరఫున 45 టెస్టులు ఆడాడు. తర్వాత ఫ్రాన్స్‌లోని తూలోన్ జట్టులో ఉండి 2013, 2014, 2015లో వరుసగా యూరప్ కప్పు గెలిచాడు. 2021లో, 41 ఏళ్లకే, డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినే జబ్బు ఉందని బయటపెట్టాడు. పదేపదే తలకు దెబ్బలు తగిలితే వచ్చే సీటీఈ జబ్బు కూడా ఉండొచ్చని డాక్టర్లు చెప్పారు. ఉండొచ్చు అనడమే తప్ప ఖాయం చేయలేరు; చనిపోయాక మెదడును పరీక్షిస్తేనే అది తేలుతుంది. హేమన్ తోటి మాజీ ఆటగాళ్లతో కలిసి కోర్టుకెక్కాడు. మన పిల్లలకు ఆ స్తోమత ఎక్కడిది?

మనవాళ్లు ఎక్కువగా ఆడేది ఏడుగురి ఆట కదా, అందులో స్క్రమ్‌కు ముగ్గురే కదా అంటారు. నిజమే. కానీ రగ్బీలో తలదెబ్బలు ఎక్కువగా తగిలేది స్క్రమ్‌లో కాదు, పరిగెత్తేవాణ్ణి పట్టి పడగొట్టేటప్పుడు. మెత్తటి టోపీ చెవులను కాపాడుతుంది గానీ మెదడును కాదు. స్పృహ తప్పలేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవడం ఇంకా ప్రమాదం. తూలినా, వాంతి అయినా, అడిగిందే మళ్లీ అడుగుతున్నా ఆ రోజుకు ఆట ఆపేయాల్సిందే. బ్రిటన్‌లో 2023లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తలదెబ్బ తగిలిన పిల్లలు కనీసం 21 రోజుల దాకా పోటీల్లో దిగకూడదు.

మేం అడిగేదానికి పెద్ద ఖర్చు లేదు. ప్రతి క్రీడా హాస్టల్‌లో తలదెబ్బల రిజిస్టరు పెట్టాలి. ఏ రోజు తగిలింది, సాధనలోనా పోటీలోనా, ఎవరు పక్కన కూర్చోబెట్టారు, మళ్లీ ఎప్పుడు ఆడనిచ్చారు, అన్నీ రాయాలి. కబడ్డీ పిల్లలకూ ఇదే. హాస్టల్ మారినా, చదువు మానేసినా దాని నకలు పిల్లల చేతికివ్వాలి. ఇరవై ఏళ్ల తర్వాత డాక్టరు అడిగితే చూపించడానికి ఇంకేం ఉంటుంది? ఇంటికి ఒడియాలో కాగితం పంపి ఊరుకుంటే చాలదు. తెలుగు, దేశియా, కువి, ఏ ఇంటి భాషలో ఆ ఇంటికి ఫోన్ చేసి చెప్పాలి. కొరాపుట్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాలలో ఈ పిల్లలకు ఏటా పరీక్ష చేయించాలి. జబ్బు ముదిరాక విశాఖ బస్సెక్కించడం మనకు అలవాటైపోయింది.

వచ్చే పల్లిసభలో దీన్ని తీర్మానంగా పెట్టండి. ఒక ప్రతి కలెక్టరుకు, ఒకటి జిల్లా క్రీడాధికారికి, ఒకటి మీ పిల్లలున్న హాస్టల్‌కు పంపండి. రిజిస్టరు కళ్లారా చూసేదాకా ఏ ఒప్పుకోలు కాగితం మీదా సంతకం, వేలిముద్ర వేయకండి.