ఎనిమిదిలో ఆపితే చదువే ఆగిపోతుంది

1/2కి 1/3 కూడమంటే 2/5 అని రాసే ఎనిమిదో తరగతి పిల్లలు మన బడుల్లో ఉన్నారు. పైవి పైన, కిందివి కింద కూడేస్తారు. ఆ తప్పు ఎనిమిదిలో పుట్టింది కాదు. భిన్నాలు మొదలైన చిన్న తరగతిలోనే పుట్టి, ఎవరూ సరిదిద్దక ఏటా వాళ్లతోపాటే పైకి వచ్చింది. అలాంటి పిల్లవాణ్ని ఫెయిల్ చేసి అక్కడే కూర్చోబెడితే జూన్‌లో తెరిచేది మళ్లీ అదే పుస్తకం, అదే అకరణీయ సంఖ్యల పాఠం. మరి భిన్నాలు ఎప్పుడు నేర్పుతారు?

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిది పూర్తయ్యేదాకా ఏ తరగతిలోనూ పిల్లల్ని ఆపవద్దంది. 2019 సవరణ దాన్ని మార్చింది. ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పినవారికి రెండు నెలల్లోపు మరో పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితే ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టం. 2024 డిసెంబరులో కేంద్రం తన అధీనంలోని కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల వంటి బడుల్లో ఆపడానికే మొగ్గింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ దారి పట్టకూడదు.

ఆపితే నష్టపోయేది ఎవరో మనకు తెలియనిది కాదు. కోసిగి, ఆదోని వైపు నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు వైపు తరలిపోతాయి. ఇంట్లో చూసుకునేవాళ్లు లేక పిల్లలూ వెంట వెళ్తారు. తిరిగొచ్చేసరికి పరీక్షలు నెత్తిమీద ఉంటాయి. అలా వెళ్లొచ్చిన ఆడపిల్లను ఎనిమిదిలో ఆపితే వచ్చే ఏడాదీ మిరప కోతలు వస్తాయి, వలసా తప్పదు. పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్ల తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చోవడానికి సిగ్గుపడి మానేస్తానంటే, కూలికి పంపడానికో పెళ్లి చేయడానికో ఇంట్లోవాళ్లకు సాకు దొరికినట్టే. ఆ పిల్లకు కావలసింది వలస నెలల్లో ఊళ్లోనే అన్నం పెట్టి, పడుకోబెట్టి, చదివించే సీజనల్ హాస్టల్.

ఫెయిల్ భయం లేకపోతే పిల్లలు పుస్తకం ముట్టరని ఉపాధ్యాయులు అంటున్నారు. వాళ్ల విసుగు అర్థం చేసుకోదగ్గదే. చదవడం రాని పిల్లల్ని తొమ్మిదికి తోసేయడం కూడా అన్యాయమే, దాన్ని మేం సమర్థించడం లేదు. కానీ భయం భిన్నాలు నేర్పదు. ఒకే ఉపాధ్యాయుడు అన్ని తరగతులూ చూసే బడిలో పిల్లవాడు వెనకబడితే శిక్ష ఆ పిల్లవాడికే వేస్తే ఎలా? జబ్బు చేసి ఏడాదంతా మంచంపట్టిన పిల్లలు తామే మళ్లీ చదువుతామంటే, తల్లిదండ్రులూ సరేనంటే, అది వేరే సంగతి. అప్పుడు ఒప్పుకోవాలి.

చట్టం ఇచ్చిన ఆ రెండు నెలల మాటా చూద్దాం. మనకు ఏప్రిల్ చివర్లో బడికి తాళం పడితే జూన్ రెండో వారంలోగాని తెరవరు. అంటే నేర్పాల్సిన రోజుల్లో నేర్పేవాళ్లే ఉండరు. కాబట్టి తప్పిన పిల్లల్ని ఏప్రిల్‌లో లెక్కపెట్టడం కాదు, వెనకబడ్డవాళ్లను దసరా సెలవుల తర్వాతే గుర్తించాలి. రోజుకో గంట వాళ్లకోసమే కేటాయించి, ఏ తరగతి దగ్గర ఆగిపోయారో అక్కడినుంచి మొదలుపెట్టాలి. వేసవిలో చదువు చెప్పే ఉపాధ్యాయులకు అదనపు వేతనం, వచ్చే పిల్లలకు మధ్యాహ్న భోజనం ప్రభుత్వం ఇవ్వాలి. దానికి వచ్చే బడ్జెట్‌లోనే నిధులు చూపాలి.