రవ్వ మీద పలక

నవంబరు మొదటి వారంలో కొలరాడోలోని బెర్తుడ్ పాస్ దగ్గర మోకాలి లోతు కూడా లేని మంచులో గుంట తవ్వాను. పైన జానెడు మందాన గట్టి పలక. దాని కింద, నేలను ఆనుకుని ఉన్నదాన్ని గుప్పిట పట్టి ఉండ చేయబోతే బొంబాయి రవ్వలా వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. నాలుగడుగులు వేశానో లేదో కాళ్ల కింద ధబ్‌మని ఏదో కూలింది. రవ్వ కుంగి, పలక కిందికి దిగిన చప్పుడది. అక్కడినుంచే వెనక్కి తిరిగాం.

డెన్వర్‌లో ఉంటూ పదకొండేళ్లయింది. ఏటా ఈ రోజుల్లో కొండలెక్కే మన కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "ఇంకా మంచే సరిగా పడలేదు, చరియలేం విరిగిపడతాయన్నా?" అది చదివినప్పుడల్లా నా గుండెల్లో రాయి పడుతుంది. ఎందుకంటే మంచు తక్కువగా ఉండటమే ఇక్కడి అసలు చిక్కు.

అక్టోబరు మంచు ఎండ తగిలేచోట కరిగిపోతుంది, ఉత్తరం వైపు ఎత్తైన వాలుల్లో మాత్రం మిగులుతుంది. దాని కింద నేల సున్నా డిగ్రీల దగ్గర ఉంటే పైన గాలి మైనస్ 15. పొర పల్చన కాబట్టి అంత తేడా కొద్ది అంగుళాల్లోనే. లోపలి ఆవిరి పైకి పోతూ పోతూ గింజకూ గింజకూ మధ్య పట్టు లేకుండా చేస్తుంది. ఆ రవ్వ మీద కొత్త మంచు, గాలి తోసుకొచ్చిన మంచు పలకలా పేరుకుంటాయి. వాలు 30 నుంచి 45 డిగ్రీలుంటే ఒక్క మనిషి బరువు చాలు. ప్రాణాలు తీసే చరియల్లో ఎక్కువ భాగం ఆ మనిషో, తోటివాళ్లో కదిలించినవే.

గడ్డకట్టిన జలపాతాలు ఎక్కేవాళ్ల గురించి నాకు మరింత భయం. వాళ్లు వేలాడేది పైనున్న మంచంతా వచ్చిపడే ఇరుకు లోయల్లో. కప్పెట్టేంత మంచు కూడా అక్కర్లేదు, కాళ్లు తప్పించేంత జారితే చాలు, కిందంతా రాళ్లే.

అనుభవం ఉంటే గట్టెక్కుతామనుకోకండి. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 మీద మంచు చరియ పర్వతారోహణ శిక్షణ బృందం మీద విరుచుకుపడింది. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి ఆచూకీ తెలియలేదు. పోయినవాళ్లలో సవితా కంస్వాల్ ఉంది. అదే ఏడాది మేలో ఎవరెస్టు ఎక్కివచ్చిన పిల్ల.

మంచు కింద పడ్డ మనిషికి పది, పదిహేను నిమిషాలు దాటితే బతికే ఆశ గబగబా తగ్గిపోతుంది. హెలికాప్టరు అంతలో రాదు, తవ్వి తీయాల్సింది పక్కనున్న స్నేహితుడే. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్ (కూరుకుపోయినవాళ్ల జాడ పట్టే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి, వాడటం చేతికి అలవాటై ఉండాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బయల్దేరే రోజు పొద్దున్నే కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ సూచన చదవండి. మంచు చరియల శిక్షణ ఒక్కటైనా పూర్తిచేసేదాకా 30 డిగ్రీలు దాటిన వాలు ఎక్కకండి, దాని కింద నిలబడకండి.