పద్దు తేలాకే చెల్లింపు

2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ మెట్రో తొలి దశను ఎల్ అండ్ టీ నుంచి తన చేతుల్లోకి తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. స్టేషన్లు, రైళ్లతోపాటు దాదాపు 13 వేల కోట్ల రూపాయల అప్పు కూడా ప్రభుత్వం నెత్తికి వస్తుంది. కంపెనీ పెట్టిన వాటాధనం లెక్క ముగించడానికి మరో 2 వేల కోట్ల దాకా ఇవ్వాలన్నది అప్పటి అవగాహన. ఆ అప్పు ప్రభుత్వం చేసింది కాదు. 2010 నాటి ఒప్పందం ప్రకారం మెట్రో కట్టిన సంస్థ తెచ్చుకున్నది. ఆ ఒప్పందంలోని మార్గాల్లో ఒక ముక్కను మాత్రం ఆ సంస్థ కట్టనే లేదు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన రైలు 2020 ఫిబ్రవరి నుంచి ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోతోంది. అక్కడి నుంచి పాతబస్తీ గుండా సాగాల్సిన ఐదున్నర కిలోమీటర్లు కాగితం మీదే ఉండిపోయాయి. అంటే దారుల్‌షిఫాలోనో శాలిబండలోనో ఉండే మనిషి తన వాడకు రాని రైలు తాలూకు అప్పులో వాటాదారు కాబోతున్నాడు. ఈ అప్పును ప్రభుత్వం తీర్చాలా వద్దా అంటే, తీర్చవచ్చనే నేనంటాను. అయితే ఏ రూపాయి దేనికోసం పుట్టిందో తేలాకే తీర్చాలి. ముందు చెల్లించి తర్వాత లెక్క అడిగితే ఏమవుతుందో ఈ నగరం రెండు వందల ఏళ్ల కిందటే చూసింది.

1814లో హైదరాబాద్ రెసిడెన్సీ నీడన విలియం పామర్ అండ్ కంపెనీ వెలిసింది. పామర్ తండ్రి ఈస్టిండియా కంపెనీలో జనరల్, తల్లి ఫైజ్ బక్ష్ బేగం. నిజాం సైన్యంలో కొన్నేళ్లు పనిచేసి బయటికొచ్చి వ్యాపారంలో దిగాడు. గవర్నర్ జనరల్ అనుమతి లేనిదే బ్రిటిష్ ప్రజలెవరూ దేశీయ సంస్థానాధీశులకు అప్పు ఇవ్వరాదని 1797 నాటి పార్లమెంటు చట్టం చెప్పింది. ఆ అనుమతిని 1816లో లార్డ్ హేస్టింగ్స్ ఇచ్చాడు. హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయిని పెళ్లాడిన విలియం రంబోల్డ్ ఈ కంపెనీలో భాగస్వామి. అప్పు తీసుకునేవైపు మహారాజా చందూలాల్ ఉన్నాడు. 1806 నుంచి 1843 దాకా నిజాం ప్రభుత్వ ఆర్థిక వ్యవహారాలన్నీ ఆయన చేతుల మీదుగానే నడిచాయి. శిస్తు వసూలును తాలూకాలవారీగా గుత్తకు ఇవ్వడం, గుత్తేదార్ల దగ్గర ముందుగానే రొక్కం తీసుకోవడం, అది చాలకపోతే సాహుకార్ల దగ్గరికి, పామర్ దగ్గరికి వెళ్లడం ఆయన కాలపు పద్ధతి. వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు, ఒక్కోసారి అంతకు కాస్త ఎక్కువ. ఏడాదికి నూటికి పాతిక అనుకున్నా వడ్డీ మీద వడ్డీ పడితే అసలు నాలుగేళ్లు తిరగకముందే రెట్టింపవుతుంది.

1820లో కలకత్తా కౌన్సిల్ సభ్యుల్లో ఏకాభిప్రాయం లేకపోయినా హేస్టింగ్స్ మంజూరు చేసిన 60 లక్షల అప్పును కాస్త దగ్గరగా చూడాలి. అనవసరపు సైన్యాన్ని తగ్గించడానికి బకాయి జీతాలు, సాహుకార్ల పాత బాకీలు, రైతులకు తకావీ అంటూ కాగితం మీద చూపిన ప్రయోజనాలన్నీ మంచివే. ఆ ఏడాది చివర రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ లెక్కలు తిరగేసి, ఖజానాకు కొత్తగా చేరిన నగదు స్వల్పమేనని తేల్చాడు. అప్పటికే పామర్ పుస్తకాల్లో నిజాం పేరిట ఉన్న బాకీనే కొత్త అప్పు పద్దులోకి మార్చి రాశారనీ, 60 లక్షల్లో 8 లక్షలు కంపెనీ భాగస్వాముల బోనస్ అనీ ఆయన ఆరోపణ. వడ్డీ అసలులో కలిసింది, ఆ అసలుకు మళ్లీ వడ్డీ మొదలైంది. గవర్నర్ జనరల్ మంజూరు ముద్ర పడ్డాక పాత బాకీలోని లోటుపాట్లు కొత్త పత్రం కింద కనిపించకుండా పోయాయి. వివాదంలో ఉన్న అప్పును తిరగరాయడంలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. కొత్త పత్రం మీద సంతకం పడిన రోజు నుంచి పాత ప్రశ్నలు అడిగే హక్కు పోతుంది.

1823లో ఆ బాకీ తీరిన తీరు తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాల్సింది. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లినందుకు నిజాముకు ఏటా 7 లక్షల పేష్కష్ రావాలి. కోస్తా జిల్లాల మీద గోల్కొండ గద్దెకు మిగిలిన ఆఖరి రాబడి అది. శాశ్వతంగా రావాల్సిన ఆ సొమ్మును నూటికి ఆరు వడ్డీ లెక్కన మూలధనంగా మార్చి, 1,16,66,666 రూపాయలకు కంపెనీ ఒకేసారి కొనేసింది. అందులో పెద్ద భాగం పామర్ బాకీకి పోయింది. నిజం చెప్పాలంటే, నూటికి పాతిక వడ్డీ ఉన్న అప్పును నూటికి ఆరు లెక్కన వచ్చిన డబ్బుతో తీర్చడంలో తప్పులేదు. తక్కువ వడ్డీకి ఈస్టిండియా కంపెనీయే అప్పు ఇప్పించి పామర్ బాకీ వదిలించాలని మెట్కాఫ్ కూడా అంతకుముందే సూచించాడు. నేను తప్పుపట్టేది వరుసను. ఆ బాకీలో న్యాయమైనదెంత, కానిదెంత అన్న విచారణ డబ్బు చేతులు మారాకే జోరందుకుంది. 1824లో పామర్ కంపెనీ దివాలా తీసింది. 1825లో లండన్‌లో ఈస్టిండియా కంపెనీ వాటాదారుల సభ ఈ వ్యవహారం మీద రోజుల తరబడి చర్చించింది. ఆ చర్చలో ఎవరు గెలిచినా హైదరాబాదుకు ఒరిగేదేమీ లేదు. ఏటా వచ్చే 7 లక్షలు అప్పటికే పోయాయి.

చందూలాల్ పక్షాన ఒక మాట చెప్పాలి. జీతం అందని సైనికులు దేవిడీ ముందు నిలబడితే లెక్కలు తిరగేస్తూ కూర్చోవడం ఏ మంత్రికీ సాధ్యం కాదు. రసెల్ బ్రిగేడ్ పేరుతో బ్రిటిష్ అధికారుల కింద పెరిగిన సైన్యానికి నెలనెలా జీతాలు అందకపోతే రెసిడెన్సీ ఊరుకునేది కాదు. ఆ ఒత్తిడి కల్పితం కాదు. అయితే అప్పిచ్చేవాడు వడ్డీ నిర్ణయించేది సరిగ్గా ఆ ఒత్తిడిని చూసే. ఈ నెల జీతాలకు కావాల్సిన రొక్కం వేరు, పదేళ్లుగా పేరుకున్న పాత పద్దు వేరు. మొదటిది ఆగదు, రెండోది ఆగగలదు. రెంటినీ ఒకే పత్రంలో కట్టిపడేయడమే రుణదాతకు లాభం, రుణగ్రస్తుడికి ముప్పు. అత్యవసరం పేరు చెప్పి వచ్చే ప్రతి పరిష్కార ఒప్పందంలోనూ ముందుగా చూడాల్సింది ఇదే.

1853 నాటి బేరార్ కథ ఇంకా చేదు. 1800 సంధి ప్రకారం నిజాం 9 వేల ఆశ్విక దళాన్ని, 6 వేల కాల్బలాన్ని సమకూర్చాల్సింది యుద్ధం వచ్చినప్పుడు మాత్రమే. నిజాం ఖర్చుతో బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం మాత్రం శాంతికాలంలోనూ ఏటా లక్షలు మింగింది. ఆ ఖర్చు బకాయిపడిందంటూ గవర్నర్ జనరల్ డల్హౌసీ భూభాగం అడిగాడు. సికింద్రాబాద్, జాల్నా కంటోన్మెంట్లలో అబ్కారీ ఆదాయం తమకు రావాల్సి ఉండగా బ్రిటిష్ వారే తీసుకున్నారని నిజాం ప్రభుత్వపు ఎదురు పద్దు. రెండు పద్దులనూ పక్కపక్కన పెట్టి మధ్యవర్తి ఎవరూ తేల్చలేదు. 1853 మే 21న నిజాం నాసిరుద్దౌలా సంతకం చేశాడు. బేరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ కంపెనీ పాలనలోకి వెళ్లాయి. ఏడేళ్లకే, 1857 తిరుగుబాటులో అండగా నిలిచినందుకు, 1860 సంధిలో సుమారు 50 లక్షల ఆ బాకీని బ్రిటిష్ ప్రభుత్వమే రద్దు చేసింది. రాయచూర్, ధారాశివ్ తిరిగొచ్చాయి. బేరార్ రాలేదు. 1902లో వైస్రాయ్ కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు కింద రాయించుకున్నాడు. అప్పు రద్దయినా తాకట్టు తిరిగి రాలేదు. ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. తుపాకీ ఉన్నవాడి ముందు లెక్కల పుస్తకం ఏం చేస్తుంది? 1853లో ఏమీ చేయలేకపోయిన మాట నిజమే. కానీ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా నిజాం దివాన్ సాలార్‌జంగ్ బేరార్ కోసం చేసిన పోరాటానికి ఊతం ఆ ఎదురు పద్దే. అది కూడా లేకపోతే వాదించడానికి చేతిలో ఏమీ ఉండేది కాదు.

సాలార్‌జంగ్ పేరు ఇక్కడ మాటవరసకు తెచ్చింది కాదు. అదే 1853లో, 24 ఏళ్లకు, దివాన్ అయ్యేనాటికి ఎన్నో తాలూకాలు అరబ్బు జమేదార్లకు, సాహుకార్లకు తాకట్టులో ఉన్నాయి. వాటిని ఆయన ఎగ్గొట్టలేదు, అడిగినంతా ఇవ్వనూ లేదు. ఒక్కో రుణదాతతో విడిగా కూర్చుని బాకీ తేల్చుకుంటూ తాలూకాలను విడిపించుకొచ్చాడు. శిస్తు గుత్తల పద్ధతిని క్రమంగా ఎత్తేసి, జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను, 1865 నాటికి జిల్లాబందీని తెచ్చాడు. గుత్తేదారే అప్పిచ్చేవాడు కూడా అయితే ప్రభుత్వం ఎప్పటికీ తేరుకోదన్న గ్రహింపు ఆ సంస్కరణలన్నిటి వెనకా ఉంది. వివాదపు అప్పును మర్యాదగా, దృఢంగా ఎలా పరిష్కరించాలో నేర్చుకోవడానికి మనకు విదేశీ నమూనా అక్కర్లేదు. దివాన్ దేవిడీలో జరిగింది చాలు.

ఇప్పుడు మెట్రో దగ్గరికొద్దాం. 13 వేల కోట్లూ ఒకే జాతి అప్పు కాదు. 69 కిలోమీటర్ల వయాడక్టు, పట్టాలు, రైళ్లు ప్రజల ఆస్తి అవుతాయి కనుక, వాటి కోసం పుట్టిన అప్పు ప్రజలు మోయడం న్యాయం. మాల్స్, ఆఫీసు స్థలాల కోసం చేసిన అప్పు వేరు. ప్రాజెక్టు రాబడిలో సగం టిక్కెట్ల నుంచి, 45 శాతం స్థిరాస్తి నుంచి, 5 శాతం ప్రకటనల నుంచి వస్తుందన్న అంచనాతో ప్రభుత్వం 269 ఎకరాలు ఇచ్చింది. ఆ భూమి మీది హక్కులు, అద్దెలు పూర్తిగా తిరిగి వస్తేనే ఆ అప్పు తీసుకోవాలి. మూడోది, నిర్మాణం ఆలస్యమైనందుకు, కోవిడ్ కాలపు నష్టాలకు, వడ్డీ కట్టడానికి మళ్లీ తెచ్చిన అప్పు. ఆలస్యంలో ప్రభుత్వం తప్పెంత, కంపెనీ తప్పెంత అన్నది తేలాల్సింది ఇక్కడే. పాతబస్తీ మార్గం కట్టకపోవడానికి ఆస్తుల సేకరణలో ప్రభుత్వ జాప్యం కారణమైతే ఆ భారం ప్రభుత్వానిదే; కట్టనందువల్ల కంపెనీకి మిగిలిన ఖర్చును కూడా అదే లెక్కలో చూపాలి.

ఇలా తవ్వుకుంటూ కూర్చుంటే వడ్డీ పెరుగుతుంది, రాష్ట్ర పరపతి దెబ్బతింటుంది, రెండో దశ ఆగిపోతుంది అంటారు. ప్రభుత్వ హామీతో తక్కువ వడ్డీకి కొత్త రుణం తెచ్చి పాతది తీర్చడం లాభమేనన్న వాదన నాకు సమ్మతమే. 1823లో పనికొచ్చిన ఆ గణితం ఇప్పుడూ పనికొస్తుంది. కానీ వడ్డీ రేటు తగ్గినంత మాత్రాన అసలు సరైనదైపోదు. పరపతి సంగతికొస్తే, లెక్క అడిగినవాడికి మార్కెట్ తలుపులు మూసుకుపోతాయన్న భయానికి ఆధారం తక్కువ. నార్వే 2006లో, ఓడల ఎగుమతి కోసం తాను ఇచ్చిన అప్పుల్లో తన తప్పు కూడా ఉందని ఒప్పుకుని ఐదు దేశాల బాకీలు వదులుకుంది. ఈక్వెడార్ 2008లో తనిఖీ సంఘం నివేదిక తర్వాత కొన్ని బాండ్ల చెల్లింపు ఆపి, మరుసటి ఏడాది డాలరుకు 35 సెంట్ల చొప్పున తిరిగి కొనుక్కుంది. ఈక్వెడార్ దారి మనకు తగదు. మనం ఎగవేత కోరడం లేదు. చెల్లింపుకు ముందు తనిఖీ మాత్రమే కోరుతున్నాం.

పాతబస్తీ మార్గానికి 2024 మార్చి 8న ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2025 జనవరి నుంచి ఆస్తులు కోల్పోతున్నవారికి చదరపు గజానికి 81 వేల రూపాయల చొప్పున పరిహారం ఇస్తున్నారు. ఆ పరిహారం అందాలంటే మనిషి తన గజం గజానికీ కాగితం చూపాలి, వారసత్వం రుజువు చేసుకోవాలి. ప్రజల సొమ్ముకు ఆ మాత్రం జాగ్రత్త అవసరమే. 13 వేల కోట్ల పద్దుకూ అదే కొలత వర్తించాలి. అప్పగింత ఏ దశలో ఉన్నా సరే, ప్రభుత్వం ఆ అప్పును నిర్మాణం, స్థిరాస్తి, వడ్డీ–నష్టాలుగా విడగొట్టిన లెక్కను, స్వతంత్ర ఆడిటర్ సంతకంతో, శాసనసభ ముందు పెట్టాలి. అది పెట్టేదాకా మూడో భాగంలో ఒక్క రూపాయి కూడా చెల్లించకూడదు.