జైలు గోడలు మత్తు వదిలించవు

ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో గంజాయి వార్త కొత్తేమీ కాదు. చెక్‌పోస్టులో వ్యాను ఆపారు, బస్తాలు దొరికాయి, ఇద్దరు అరెస్టు. బస్తాలు తరలించేవాడిని జైల్లో పెట్టాల్సిందే. మరి జేబులో పొట్లంతో దొరికే కుర్రాడి సంగతేంటి?

వాడూ జైలుకెళ్తాడు. కొన్నాళ్లకి బయటికొస్తాడు. అలవాటు మాత్రం పోదు. చేతిలో డబ్బుండదు. ముందు ఇంట్లో ఇత్తడి బిందె పోతుంది, తర్వాత పక్కింటి సెల్‌ఫోను, ఆ తర్వాత వీధిలో బైకు. మళ్లీ కేసు, మళ్లీ జైలు. ఖర్చు సర్కారుది, నష్టం జనానిది, ఏడుపు కన్నతల్లిది.

చట్టం ఇది ఆలోచించకపోలేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 39వ సెక్షన్ ఉంది. తక్కువ మొత్తంతో దొరికి నేరం రుజువైన బానిసను, అతను ఒప్పుకుంటే, కోర్టు జైలుకు బదులు చికిత్సకు పంపవచ్చు. గంజాయికి ఆ తక్కువ మొత్తం కిలో. తనంతట తానే చికిత్సకు వచ్చి పూర్తిచేసుకుంటే 64ఎ సెక్షన్ కింద ఇలాంటి కేసుల్లో విచారణ నుంచే మినహాయింపు దొరుకుతుంది.

తలుపు ఉంది, లోపల మంచమే చాలదు. గంజాయి సమస్యకు సాయం కావాల్సినవాళ్లు దేశంలో 72 లక్షల మందని 2019లో వెలువడిన కేంద్ర సర్వే చెప్పింది. వాళ్లకు సరిపడా కేంద్రాలేవి?

డబ్బెక్కడిదంటారా? దారి చట్టంలోనే ఉంది. స్మగ్లర్ల దగ్గర జప్తు చేసిన ఆస్తులు అమ్మిన సొమ్ము 7ఎ సెక్షన్ ప్రకారం జాతీయ నిధికి చేరుతుంది. బానిసల చికిత్సకు దాన్ని వాడవచ్చు. అందులో సరిహద్దు జిల్లాల వాటా అడగాల్సింది మన ప్రజాప్రతినిధులే.

నేరం చేసినవాడికి జనం సొమ్ముతో వైద్యమా అని అడిగేవాళ్లుంటారు. చికిత్స మీద పెట్టిన ఒక్కో డాలరుకు సుమారు ఏడు డాలర్లు మిగిలాయని, ఎక్కువ భాగం నేరాలు తగ్గడం వల్లేనని 1994లో కాలిఫోర్నియా అధ్యయనం తేల్చింది. అందరూ బాగుపడతారని కాదు. కొందరు మళ్లీ జారతారు. అయినా లెక్క లాభమే.

గంజాయి మాన్పించడంలో మందుబిళ్ల కన్నా మాటే ముఖ్యం. జయపురం, రాయగడ, పర్లాకిమిడిలో ఎన్నో తెలుగు ఇళ్లున్నాయి. బళ్లో ఒడియా చదివినా మనసులో గోడు ఇంటి భాషలోనే బయటపడుతుంది. జిల్లా ఆస్పత్రిలో నాలుగు మంచాలు, రెండు భాషలూ వచ్చిన ఒక కౌన్సెలర్, మేజిస్ట్రేటు బల్ల మీద గుర్తింపు పొందిన కేంద్రాల జాబితా. ముందు ఈ మూడూ ఇవ్వండి. బైకులు పోవడం ఆ తర్వాత లెక్కపెడదాం.