హిమాలయాలపై కరుగుతున్న ధవళ కవచం: వాతావరణ నమూనాల లెక్క ఎక్కడ తప్పుతోంది?

హిందూకుష్-హిమాలయ శ్రేణుల్లో 2024 నవంబరు నుంచి 2025 మార్చి వరకు నేలపై మంచు నిలిచిన కాలం సాధారణం కంటే 23.6 శాతం తగ్గిందని కాఠ్‌మాండూ కేంద్రంగా పనిచేసే ఇసిమోడ్ ప్రకటించింది. ఇది 23 ఏళ్లలో కనిష్ఠం. వరుసగా మూడో ఏటా లోటే నమోదైంది. ఈ వార్తను నీటి కొరతగా మాత్రమే చూస్తే సమస్యలో సగమే కనిపిస్తుంది. రెండో సగం వేడికి సంబంధించినది.

అప్పుడే కురిసిన మంచు తనపై పడిన సూర్యకాంతిలో 80 నుంచి 90 శాతాన్ని తిరిగి ఆకాశంలోకి పంపుతుంది. మంచు తొలగితే బయటపడే రాయి, మట్టి ఆ కాంతిలో అధిక భాగాన్ని పీల్చుకుంటాయి. నేల వేడెక్కి, పక్కనున్న మంచునూ కరిగిస్తుంది. అందువల్ల మంచు తగ్గుదల భూతాపానికి ఫలితమే కాదు, కారణం కూడా. ఈ విషవలయం ఎంత బలమైనదన్నదే అసలు ప్రశ్న.

ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం (ఐపీసీసీ) 2021 నివేదిక ప్రకారం, భూతలం ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కినప్పుడు మంచు, సముద్రపు హిమం తగ్గడం వల్ల చదరపు మీటరుకు అదనంగా సుమారు 0.35 వాట్ల శక్తి చేరుతుంది. అయితే ఈ అంచనా 0.10 నుంచి 0.60 వరకు ఉండవచ్చు. అంటే కనిష్ఠానికి, గరిష్ఠానికి మధ్య ఆరు రెట్ల అంతరం.

నమూనాలను పరీక్షించే దారిని అమెరికా శాస్త్రవేత్తలు అలెక్స్ హాల్, షిన్ చూ 2006లో చూపారు. ఏటా వసంతంలో ఎండ పెరిగి మంచు కరిగే తీరు ప్రకృతి స్వయంగా జరిపే ప్రయోగం. ఈ రుతుమార్పును అతిగా చూపే నమూనాలే శతాబ్దపు మార్పునూ అతిగా చూపుతాయని, ఉపగ్రహ పరిశీలనలతో పోల్చి వాటిని సరిదిద్దవచ్చని వారు తేల్చారు. అయినా తరువాతి తరాల నమూనాల్లోనూ తేడాలు పూర్తిగా పోలేదు. చెట్ల నీడలో దాగిన మంచును, పాతబడి మసకబారే మంచును ఒక్కో నమూనా ఒక్కో విధంగా లెక్కిస్తోంది.

హిమాలయాల్లో ఈ చిక్కు మరింత జటిలం. ప్రపంచస్థాయి నమూనాల్లో ఒక్కో గడి సుమారు వంద కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ పరిధిలోనే తెరాయి మైదానం, లోయలు, మహాశిఖరాలు ఇమిడిపోతాయి. అనేక నమూనాలు ఈ ప్రాంతాన్ని వాస్తవం కంటే చల్లగా, మంచు ఎక్కువగా చూపుతున్నాయి. మైదానాల నుంచి ఎగసే మసి, ఎడారి ధూళి మంచును నల్లబరచడం మరో అనిశ్చితి.

దీని ప్రభావం సింధు, గంగా పరీవాహకాలకే పరిమితం కాదు. హిమాలయ మంచుకూ రుతుపవనాలకూ విలోమ సంబంధం ఉందని భారత వాతావరణ శాఖ తొలి అధిపతి బ్లాన్‌ఫర్డ్ 1884లోనే సూచించారు. ఆ సంబంధం అన్నివేళలా నిలవకపోయినా, కృష్ణా, గోదావరి రైతుకూ ఈ చర్చలో భాగముంది.

ఎత్తైన ప్రాంతాల్లో పరిశీలన కేంద్రాలు పెంచడం, దేశాలు సమాచారం పంచుకోవడం అత్యవసరం. మసి నియంత్రణకు మాత్రం కచ్చితమైన నమూనాల కోసం వేచి ఉండనక్కర్లేదు. గాలిలో మసి కొన్ని రోజులు, వారాలకు మించి నిలవదు. కనుక దాన్ని తగ్గిస్తే ఫలితం త్వరగానే అందుతుంది.